ఆటపెట్టెలోని నాదభాండారము

1816వ సంవత్సరమున తెలుగు వ్యాకరణమును ఇంగ్లీషు భాషలో రచించి ప్రకటించిన ఏ. డి. క్యాంబెల్ దొర, తిరుమల కొండమీది ఆలయములో కొన్నివేల రాగిరేకులపై చెక్కిన గ్రంథసముదాయము కలదని విని, వానిని పరీక్షించి రమ్మని ఒక దేశీయుని పంపినట్లు తన పీఠికలో వ్రాసియున్నాడు. ఆయన వెదకినది వ్యాకరణము. పోయినవానికి ఒక లక్షణగ్రంథము కనబడగా దానికి ప్రతి వ్రాయించిరి. తక్కినవన్నియు భగవంతుని స్తోత్రములే యని తేలుటచే రేకులు ఉన్నచోటనే ఉండిపోయెను.

ఆ స్తోత్రములే తాళ్ళపాక అన్నమాచార్యుని (1408–1503) సంకీర్తనములును, ఆయన కుమారుడు పెదతిరుమలాచార్యుడు మొదలగువారి కృతులును. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున దేవస్థానమువారి శాసనపరిశోధకులు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారి శ్రద్ధచే ఆ రేకులు వెలుగు చూచినవి. పిమ్మట వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు మున్నగు పండితులు వానిని చదివి, పరిష్కరించి, అచ్చువేయించిరి. సాహిత్యము చేతికి వచ్చెను. ప్రతి పాటకును తలకట్టున రాగము పేరును స్పష్టముగా చెక్కబడియుండెను. కాని ఆ పాటను అన్నమయ్య ఏ వరుసలో పాడెనో తెలుపు స్వరలిపి రేకులలో లేదు. అందుచే శర్మగారును, వారి తరువాత నేదునూరి కృష్ణమూర్తిగారు, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్‌గారు మున్నగు విద్వాంసులును రాగనామమును ఆధారము చేసికొని క్రొత్తగా వరుసలు కట్టవలసి వచ్చెను. నేడు తిరుపతి వీథులలో ఉదయమున వినవచ్చు అన్నమయ్య పాటలలో మాట అన్నమయ్యది, రాగము పేరు అన్నమయ్యది, నాదము మాత్రము మన కాలపు గాయకులది.

కంప్యూటరు ఆటలలోని ధ్వనులను వెలికిదీసి వేరొక రూపమునకు మార్చు విద్యను గూర్చి చెప్పబూని, ఈ రాగిరేకుల ముచ్చటతో మొదలిడుట కొందరికి వింతగా తోచవచ్చును. నాకు మాత్రము ఈ రెండును ఒకే చిక్కునకు రెండు ముఖములుగా కనబడుచున్నవి. రేకులలో పేరు నిలిచి నాదము పోయినది. ఆటపెట్టెలో నాదము నిలిచి పేరు పోయినది. దాచబడిన ధ్వని ఏదియు తనంత తాను ధ్వని కాదు. దానిని ఎట్లు చదువవలెనో చెప్పు సంకేతము దాని ప్రక్కన ఉన్నంతవరకే అది ధ్వని. ఈ సంగతి గ్రహించినవానికి తక్కిన పనియంతయు ఓపికతో కూడిన లెక్క మాత్రమే.

మొదట ధ్వని అంకెలుగా మారు విధమును చూతము. ధ్వని యనగా గాలిలోని ఒత్తిడి క్షణక్షణమును హెచ్చుచు తగ్గుచు నుండుట. ఆ ఒత్తిడిని మైక్రోఫోను విద్యుత్తుగా మార్చును. ఆ విద్యుత్తును సెకనుకు ఇన్నిమారులని నియమము పెట్టుకొని కొలిచి, కొలిచిన ప్రతి విలువను ఒక అంకెగా వ్రాసికొనుట కంప్యూటరు చేయు పని. సీడీలో ఈ కొలత సెకనుకు 44,100 మారులు జరుగును. ప్రతి కొలతకును 16 బిట్లు, అనగా రెండు బైట్లు, కేటాయింతురు. ఎడమ చెవికొకటియు కుడి చెవికొకటియు రెండు ధారలుండును. కావున సెకనుకు 1,76,400 బైట్లు, నిమిషమునకు కోటికి పైగా బైట్లు వ్యయమగును. కొలతల సంఖ్యలో సగము వరకు గల కంపనములు మాత్రమే మరల వినబడగలవని నైక్విస్ట్ పేర ప్రసిద్ధమైన సూత్రము చెప్పుచున్నది. మానవుని చెవి దాదాపు 20,000 కంపనముల వరకే వినగలదు గనుక 44,100 అను సంఖ్య చాలినది. అయితే 1990 దశకపు ఆరంభములో ఆటలు అమ్ముడుపోయినది ఫ్లాపీల మీద. ఒక ఫ్లాపీలో సీడీ నాణ్యముగల ధ్వని ఎనిమిది సెకనులకు మించి పట్టదు. ఆట రచయితలు ధ్వనిని ఎంత పొదుపుగా వాడవలసి వచ్చెనో దీనినిబట్టి ఊహింపవచ్చును.

ఆ పొదుపునకు చక్కని నిదర్శనము 1993 డిసెంబరులో అమెరికాలోని ఇడ్ సాఫ్ట్‌వేర్ సంస్థ విడుదల చేసిన డూమ్ అను ఆట. ధ్వనులను వెలికిదీయు విద్యను నేర్వగోరువారికి దీనికంటె మంచి పాఠ్యగ్రంథము నేనెరుగను. ఏలయన దాని నిర్మాణము సరళము, రచయితలు దానిని దాచుటకు ప్రయత్నింపలేదు, పైగా 1997లో ఆట యొక్క మూలక్రమణికను సర్వజనులకును ప్రకటించిరి. ఈ ఆటను తెరచి చూచినవారికి తుపాకి ధ్వని ఒక ఫైలుగాను, తలుపు ధ్వని వేరొక ఫైలుగాను కానరావు. బొమ్మలు, పటములు, సంగీతము, ధ్వనులు అన్నియు ‘వ్యాడ్’ అను ఒకే పెద్ద మూటలో కట్టబడియుండును. వేలకొలది చిన్న ఫైళ్ళను డిస్కుమీద విడివిడిగా వెదకుకొనుటకంటె ఒకే ఫైలును తెరచి అందులో కావలసిన చోటికి దుముకుట యంత్రమునకు సులభము గనుక నాటినుండి నేటివరకు పెక్కు ఆటలు ఇట్టి మూటలనే వాడుచున్నవి.

మూటలో ఏది ఎక్కడ నున్నదో తెలియుట ఎట్లు? అలిపిరి వద్ద కాలినడక యాత్రికులు తమ సంచులను అప్పగించి, చీటీ పుచ్చుకొని, చేతులూపుకొనుచు మెట్లెక్కుదురు గదా. కొండమీద ఆ చీటీ చూపినవానికి వాని సంచి వచ్చును. వ్యాడ్ ఫైలులోను ఇట్టి చీటీల పట్టిక యొకటి కలదు. ఫైలు మొదటి 12 బైట్లు పీఠిక: అందు మొదటి నాలుగు బైట్లు ఇది ఏ జాతి మూటయో చెప్పు అక్షరములు, తరువాతి నాలుగు లోపల ఎన్ని వస్తువులున్నవో చెప్పు సంఖ్య, చివరి నాలుగు పట్టిక ఎచట మొదలగునో చెప్పు స్థానము. పట్టికలో ఒక్కొక్క వస్తువునకు 16 బైట్లు: నాలుగింట దాని స్థానము, నాలుగింట దాని పరిమాణము, ఎనిమిదింట దాని పేరు. ధ్వనుల పేర్లన్నియు ‘డీఎస్’ అను రెండక్షరములతో మొదలగును. కావున పట్టికను చదివి, ఆ రెండక్షరములు గల పేర్లను ఏరి, చెప్పిన స్థానమునకు పోయి, చెప్పినన్ని బైట్లు నకలు తీసికొన్నచో వెలికితీత ముగిసినట్లే. ఇందు తాళము పగులగొట్టుట లేదు. చదువుట మాత్రమే కలదు.

తీసిన ఆ బైట్లు ధ్వనియే యైనను, వానిని సామాన్యమైన పాటల యంత్రమునకిచ్చిన అది నోరు మెదపదు. ప్రతి ధ్వనికిని ముందు 8 బైట్ల చిన్న పీఠిక యొకటి కలదు. మొదటి రెండింట 3 అను సంఖ్య, ఇది అంకెల ధ్వని యని సూచించును. తరువాతి రెండింట సెకనుకు కొలతలెన్నియో ఉండును. చివరి నాలుగింట మొత్తము కొలతల సంఖ్య. నడిమి రెండు బైట్లను విప్పి చూచినచో 17 అనియు 43 అనియు కనబడును. చిన్నది ముందు, పెద్దది వెనుక అనునది ఈ యంత్రముల వాడుక. కావున 43ను 256తో హెచ్చించి 17 కలిపినచో 11,025 వచ్చును. అదియే సెకనుకు కొలతల సంఖ్య, సీడీలో నాల్గవ వంతు. తెలియక తలక్రిందులుగా చదివినవానికి 4,395 అను సంఖ్య వచ్చి, తుపాకి చప్పుడు ఏనుగు నిట్టూర్పువలె సాగి వినబడును.

ఒక్కొక్క కొలతకు ఒక్క బైటే, చెవి ధార ఒక్కటే. అందుచే డూమ్ ధ్వనికి సెకనుకు 11,025 బైట్లు చాలును, అనగా సీడీ ధ్వనిలో సరిగా పదునారవ వంతు. బైటు విలువ 0 మొదలు 255 వరకు ఉండును గనుక నిశ్శబ్దము నడుమనున్న 128 వద్ద నిలుచును. దీనిని వేవ్ ఫైలుగా మార్చుట మిక్కిలి సులభము. 1991లో మైక్రోసాఫ్ట్, ఐబీఎం సంస్థలు కలిసి ఏర్పరచిన ఆ రూపములో 44 బైట్ల పీఠిక ముందుండును. అందు ధారలెన్ని, కొలతలెన్ని, కొలతకు బిట్లెన్ని, మొత్తము బైట్లెన్ని అను విషయములు క్రమముగా వ్రాయబడును. ఎనిమిది బిట్ల వేవ్ ఫైలులోను నిశ్శబ్దము 128 వద్దనే ఉండుట మన అదృష్టము. పాత పీఠికను తీసి క్రొత్త పీఠికను తగిలించిన చాలును. ధ్వనిలో ఒక్క బిట్టయినను మారదు.

పీఠిక లభింపని చోట్ల చెవియే గురువు. పాత ఆటలు కొన్నింటిలో ధ్వని బైట్లు ఏ పరిచయమును లేక వరుసగా పేర్చబడియుండును. చదువు నియమములు ఆట యొక్క క్రమణికలోనే ఇమిడియుండును. ఆడాసిటీ వంటి ఉచిత సాధనములలో ముడి బైట్లను తెరచు సౌకర్యము కలదు. కొలతలెన్ని, ధారలెన్ని, బిట్లెన్ని, ఎచటినుండి మొదలిడవలెను అని అది మనలనే ప్రశ్నించును. ఇచట సంగీతజ్ఞానము గలవారికి ఒక మేలు కలదు. 22,050 కొలతల ధ్వనిని 44,100 అని చెప్పి వినిపించినచో మధ్యస్థాయి షడ్జము తారస్థాయి షడ్జమై, కాలము రెట్టింపు వేగముతో పరుగెత్తును. రెండు ధారలు ఒకదాని వెనుక ఒకటిగా అల్లిన ధ్వనిని ఒక్క ధారయని చదివినచో దీనికి విపర్యయముగా స్థాయి ఒకటి దిగి, నిడివి రెట్టింపగును. రెండు బైట్ల కొలతను ఒక బైటు జరిపి చదివినచో పాట పోయి జల్లువంటి రొద మాత్రము మిగులును. నిశ్శబ్దము 128 వద్ద నుండవలసినదానిని సున్న వద్ద నున్నదని తలచినచో మాట తెలియును గాని కంఠము చీరుకొనిపోవును. తప్పు ఏ జాతిదో ధ్వనియే చెప్పుచుండగా, ఒక్కొక్క నియమమును సరిదిద్దుకొనుచు పోవుట ఎంతో వినోదకరమైన వ్యాసంగము. ఒక సాయంకాలమంతయు దీనికి ధారపోసినను నాకు నష్టముగా తోచదు.

ఇంతవరకు చెప్పినది చప్పుళ్ళ సంగతి. సంగీతము వేరు. డూమ్ ఆటకు బాబీ ప్రిన్స్ కూర్చిన సంగీతమును అదే మూటనుండి తీసి చూచినచో అందు ధ్వని బొత్తిగా లేదు. ఫలానా వాద్యము, ఫలానా స్వరము, ఇంత బలము, ఇంత కాలము అను ఆజ్ఞలు మాత్రమే ఉన్నవి. ‘మస్’ అను ఈ రూపము 1983లో వాద్యపరికరముల తయారీదారులు ఏర్పరచుకొన్న మిడి అను సంకేతమునకు సంక్షిప్తరూపము. అనగా ఇది స్వరలిపి.

స్వరలిపికిని తెలుగునాటికిని ప్రసిద్ధమైన సంబంధమొకటి కలదు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు నాటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లెకు వచ్చి బిసెంట్ థియొసాఫికల్ కళాశాలలో విడిసియున్నప్పుడు, ‘జనగణమన’ గీతమును తానే పాడి వినిపించెను. కళాశాల ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్‌గారి సతీమణి, పాశ్చాత్య సంగీతము చదివిన విదుషి మార్గరెట్ కజిన్స్ ఆ వరుసను స్వరలిపిలో నిలిపెను. ఆ కాగితములో ఠాకూరు కంఠము లేదు. కాని ఆ గీతము ఎట్లు నడచునో కలదు. తిరుమల రేకులలో లేనిది ఇదియే.

మస్ ఫైలును మిడిగా మార్చుట లిపినుండి లిపికి మార్పు గనుక నష్టము స్వల్పము. ఐనను తెలియవలసిన మెలకువలున్నవి. మస్‌లో తాళవాద్యములకు కేటాయించినది పదునారవ మార్గము, మిడిలో పదవది. ఈ తారతమ్యము మరచిన మార్పిడి యంత్రము మృదంగపు మోతలను పియానో మెట్లమీద వాయించి నవ్వులపాలగును. మిడిని వేవ్‌గా మార్చుట మాత్రము మార్పిడి కాదు, కచ్చేరి. అంకెలలోని ఆజ్ఞలకు ఎవరో వాయించి చూపవలెను. నాటి సౌండు కార్డులోని కృత్రిమ వాద్యములొక విధముగా వాయించును, నేటి వాద్యధ్వనుల సంపుటి వేరొక విధముగా వాయించును. ‘ఇదియే అసలు డూమ్ సంగీతము’ అని ఏ వేవ్ ఫైలును చూపి ప్రమాణము చేయుటకును వీలులేదు.

కర్ణాటక సంగీతాభిమానిగా ఇచట ఒకమాట చెప్పక తప్పదు. మిడి స్థాయికి పండ్రెండు మెట్లని భావించి పుట్టినది. మెట్టునకు మెట్టునకు నడుమ జారవలెనన్నచో స్వరమును వంచు ఆజ్ఞను వేరుగా ఇయ్యవలెను. మిడిలో ఆ వంపునకు 16,384 సూక్ష్మభాగములుండగా, పొదుపునకై పుట్టిన మస్‌లో 256 మాత్రమే. గిటారు తీగను ఒకింత లాగుటకది చాలును. తోడిలోని గాంధారమును ఊపవలెనన్నచో ఆ లిపికి ఊపిరాడదు.

మూడవ జాతి ధ్వనులు కుదించబడినవి. ప్రక్కప్రక్కనున్న కొలతలు సాధారణముగా ఒకదానికొకటి చేరువలో ఉండును గనుక, పూర్తి విలువకు బదులు ముందుదానితో గల వ్యత్యాసమును మాత్రము వ్రాసి, ఆ వ్యత్యాసమును కొలుచు మెట్టును కూడ ధ్వని ఉద్ధృతినిబట్టి పెంచుచు తగ్గించుచు పోవు పద్ధతిని 1973లో బెల్ ప్రయోగశాలలో కమిస్కీ, జయంత్, ఫ్లానగన్ అను మువ్వురు ప్రకటించిరి. వీరిలో ఎన్. ఎస్. జయంత్ బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో చదివి అమెరికా వెళ్ళిన శాస్త్రజ్ఞుడు. వీరు తలపెట్టినది టెలిఫోను మాటల నిమిత్తము. ఆటలవారు దానిని తుపాకులకును రాక్షసుల అరపులకును వినియోగించుకొనిరి. 1992 నాటి ప్రమాణరూపములో 16 బిట్ల కొలత 4 బిట్లకు కుదించబడును; మెట్ల పట్టికలో 89 విలువలుండును. ఇట్టి ధ్వనిని నడుమనుండి చదువరాదు: ప్రతి ఖండము మొదట వ్రాసిన ఆరంభవిలువను పట్టుకొనియే లెక్క నడుపవలెను, లేనిచో వ్యత్యాసములన్నియు తప్పు పునాదిమీద పేరుకొనుచు పోవును.

ఎంపీత్రీ, వోర్బిస్ మొదలగువాని మార్గము వేరు. పెద్ద ధ్వని ప్రక్కన చిన్న ధ్వని చెవికి ఆనదు గనుక, ఆననిదానిని ఉదారముగా పారవైచి మిగిలినదానిని కుదించుట వాని నీతి. ఒకమారు పారవైచినది మరల రాదు. వోర్బిస్‌లో నున్న ఆటపాటను ఎంపీత్రీగా మార్చువారు రెండవమారు పారవేయించుచున్నారని గుర్తెరుగుట మంచిది. పై పొరను మాత్రము మార్చి లోపలి బిట్లను అట్లే ఉంచు సాధనములు కలవు. వీలైనచోట వానినే వాడవలెను. వీలుకానిచో వేవ్‌గా విప్పి ఉంచుకొనుట మేలు. స్థలము ఎక్కువ పట్టును గాని క్రొత్త నష్టము చేరదు.

ఇక నేటి పెద్ద ఆటల సంగతి. ఇవి తమ ధ్వనిని తామే నడుపుకొనక వ్వైజ్, ఎఫ్‌మాడ్ అను సిద్ధసాధనములకు అప్పగించుచున్నవి. ఇవి కుదించుటకు తరచుగా వోర్బిస్‌నే వాడును. కాని వోర్బిస్ ధ్వనిని విప్పుటకు కావలసిన సంకేతపట్టికలు పెద్దవి, ప్రతి చిన్న ధ్వనికిని వానిని జతచేయుట దుబారా. అందుచే ఈ సాధనములు పట్టికను ధ్వనినుండి ఊడదీసి, దాని గుర్తింపు సంఖ్యను మాత్రము ఫైలులో ఉంచును. పట్టిక సాధనము కడుపులో ఉండును. ఈ సంగతి తెలిసికొన్ననాడు నాకు రాగిరేకులే స్ఫురించినవి. రేకుమీద ముఖారి అని యున్నచో ముఖారి నేటికిని గాయకపరంపరలో సజీవము గనుక పాటకు దారి దొరకును. కొండమలహరి అనియో అమరసింధు అనియో యున్నచో పేరు మాత్రము కనబడును; ఆ పేరు సూచించు సంప్రదాయము ఏ కంఠములలో ఉండెనో ఆ కంఠములతోనే పోయినది. వ్వైజ్ ధ్వనుల విషయమున ఔత్సాహికులు సాధనముల కడుపులోని పట్టికలను శ్రమించి సేకరించి, వేరుగా సంపుటీకరించిరి. వీజీఎంస్ట్రీమ్ వంటి ఉచిత సాధనములు నేడు ఎన్నో జాతుల ఆటధ్వనులను విప్పి వినిపింపగలుగుట ఇట్టి సేకరణల ఫలమే.

పేర్ల దుర్దశ ఇంకను చిత్రమైనది. వ్వైజ్‌లో ధ్వనుల పేర్లను ఒక గణితసూత్రము ద్వారా నలిపి 32 బిట్ల సంఖ్యగా మార్తురు. పేరునుండి సంఖ్య వచ్చును గాని సంఖ్యనుండి పేరు రాదు. అలిపిరి చీటీలో అంకె మిగిలి యాత్రికుని ఊరు పేరు చెరిగిపోయినట్లున్నది. ఔత్సాహికులు ఊహించిన పేర్లను అదే సూత్రముతో నలిపి, సంఖ్యలు సరిపోవునేమో చూచుకొందురు. సరిపోనిచో కూర్చుండి ఒక్కొక్కటి విని, ఇది వాన, ఇది ఇనుప తలుపు, ఇది శత్రువు మరణము అని చేతితో పేరు పెట్టుకొందురు.

ఇదంతయు న్యాయమేనా యని అడుగువారికి రెండు మాటలు. 1957 నాటి మన కృతిస్వామ్య చట్టము ప్రకారము ధ్వనిముద్రణకు 60 సంవత్సరముల రక్షణ కలదు. 2012లో చేర్చిన నిబంధన, హక్కులను భంగపరచు ఉద్దేశముతో సాంకేతికమైన తాళములను ఛేదించుటను నేరముగా పరిగణించుచున్నది. కొనుక్కొన్న ఆటలోని సంగీతమును విని ఆనందించువాని ఉత్సాహమును, దానినే తన చలనచిత్రమునకు నేపథ్యముగా పెట్టి సొమ్ము చేసికొనువాని తెగింపును నేను ఒకే గాటను కట్టజాలను. చట్టమును అంత సూక్ష్మముగా చదువదలచినవారు న్యాయవాది నాశ్రయింపవలెను.

వెలికిదీసిన ధ్వనిని దాచుకొనువారు ప్రక్కనే ఒక చిన్న పాఠ్యపు ఫైలు వ్రాసి ఉంచుకొందురు గాక: ఆట పేరు, దాని ఏ సంచిక, మూట పేరు, మూటలో ధ్వని మొదలైన స్థానము, కొలతలెన్ని, ధారలెన్ని, ఏ సాధనముతో విప్పినది, అసలు రూపమేది. అసలు మూటను చెరిపివేయక ఉంచుకొన్నచో, మార్పిడిలో పొరపాటున్నదని పదియేండ్ల తరువాత తేలినను మరల మొదటినుండి చదువుకొనవచ్చును.